ఒక పెట్టె నాలుగైన వైనము

ఇటీవల ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. ఆయన ముప్పది యేండ్లు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్నవారు. పదవీ విరమణనాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత విడిగా ఉంచి, ఇంటికి ఒక స్టీరియో అమర్చుకొనవలెనని ఆయన కోరిక. తండ్రిగారు విడిచిపోయిన 78 రికార్డులు ఒక పెట్టెడు, తాము యౌవనమున కొన్న ఎల్.పి. రికార్డులు ఒక ఇరువది, ఆయన వద్ద ఉన్నవి. అంగడికి పోగా అక్కడ పాత రేడియో వలె ఒక్క పెట్టె చూపి ఇది తీసుకొనుడని ఎవరును చెప్పలేదట. స్పీకర్లు ఒకచోట, ఆంప్లిఫైయరు ఒకచోట, రికార్డు త్రిప్పు టర్న్‌టేబులు వేరొకచోట ఉన్నవి. "సొమ్ములో ఎంత భాగము దేనికి పెట్టవలెను? ఒకటి తప్పుగా కొన్నచో మిగిలినవి వ్యర్థమగునా? మరల కొనగల శక్తి నాకు లేదు" అని ఆయన అడిగినారు. చివర ఇంకొక మాట చేర్చినారు: "మా శ్రీమతి వంటింటిలో పని చేసికొనుచు రేడియో వినుట అలవాటు. స్టీరియో కూడ అట్లే వినవచ్చునా?"

దీనికి రెండు ముక్కలలో జవాబు పంపవచ్చును. కాని ఒకే పెట్టెలో ఉండిన వస్తువులు ఎందుకు విడిపోయినవో, ఏ కాలమున ఏది లోపముగా ఉండినదో తెలిసినచో ఆ జవాబు ఎవరికి వారికే దొరకును. కావున ముందుగా ఆ కథ చెప్పెదము.

మనకు చెవులు రెండు. ఎడమ ప్రక్కనుండి ఎవరైన పిలిచినచో ఆ శబ్దము ఎడమ చెవికి ముందు, కుడి చెవికి తరువాత చేరును. ఈ వ్యవధి సెకండులో వెయ్యవ వంతుకంటెను తక్కువ. అయినను పిలుపు ఏ దిక్కుదో మనస్సు తక్షణమే గుర్తించును. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనములో క్లెమాన్ అదేర్ అను ఇంజనీరు ఈ సంగతిని ప్రజలకు వినిపించి చూపినాడు. ఒపేరా రంగస్థలము అంచున మైక్రోఫోనులను అమర్చి, తీగలను ప్రదర్శనశాలకు తెప్పించినాడు. శ్రోతలు రెండు చెవులకు రెండు రిసీవర్లు పెట్టుకొని వినినారు. ఒక్క రిసీవరుతో విన్నచో పాట మాత్రము దక్కును. రెంటితో విన్నవారికి గాయకులు వేదికపై ఏ ప్రక్క నిలిచినదియు తెలియవచ్చినది.

అటుపై అర్ధశతాబ్దమునకు ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్‌లైన్ అను ఇరువది యెనిమిదేండ్ల ఇంజనీరు ఈ సమస్యను చేపట్టినాడు. సినిమాకు పోయినప్పుడు, తెరపై నటుడు ఈ చివరనుండి ఆ చివరకు నడచినను మాట మాత్రము ఒకేచోటినుండి వచ్చుట ఆయనకు రుచింపలేదని చెప్పుదురు. 1931 డిసెంబరు 14న ఈ.ఎం.ఐ. ఇంజనీరుగా ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. రికార్డుపై ఉన్న ఒకే గాడి రెండు గోడలపై రెండు ధ్వనులను చెక్కవచ్చునను ఊహ అందులో కలదు. 1934లో లండనులోని ఆబీ రోడ్ స్టుడియోలో వాద్యబృందమును అట్లు రికార్డు చేసియు చూపినాడు. 1942లో రాడారు పరీక్షలు జరుపుచున్న విమానము కూలి, నలుబది నిండకముందే మరణించినాడు. తన ఊహ జనుల ఇండ్లకు చేరుట ఆయన చూడలేదు.

అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయించిన సంగీతమును మూడు తీగల వరుసలలో వాషింగ్టనుకు పంపి, అక్కడి సభలో మూడు స్పీకర్లతో వినిపించినారు. ప్రసిద్ధ సంగీత దర్శకుడు స్టొకోవ్‌స్కీ వాద్యబృందమును సహాయకునికి అప్పగించి, తాను వాషింగ్టనులో స్పీకర్ల అదుపు మీటల వద్ద కూర్చుండినాడు.

ఇంతటి విద్య పుట్టియు ఇల్లు చేరుటకు మరి పాతికేండ్లు పట్టినది. ఎందుచేత? కాలువ ఎంత పొడవైనను ఒక్క గండి చాలును. నీరు చివరి మడికి చేరదు. ధ్వని కూడ అట్టిదే. రికార్డు, దానిని చదువు సూది, ఆ సన్నని విద్యుత్తును పెంచు ఆంప్లిఫైయరు, దానిని తిరిగి గాలికి అప్పగించు స్పీకరు - ఇన్నిటిని దాటి అది మనకు చేరవలెను. ఆనాడు అన్నిచోట్లను గండ్లే. లక్క రికార్డు పెద్దదైనను ఒక ప్రక్క నాలుగైదు నిమిషములకంటె మ్రోగదు, మ్రోగినంతసేపును బుసబుసలాడును.

పైగా అన్నియు ఒకే పెట్టెలో ఉండెడివి. రేడియో, గ్రామఫోను, స్పీకరు కలిసిన ఆ నగిషీ చెక్కల పెట్టె ఇంటికి అలంకారము, గౌరవము. కాని స్పీకరు గట్టిగా మ్రోగినప్పుడు దాని అదురు చెక్కలద్వారా సూదికి చేరెడిది. సూది ఆ అదురును కూడ పాటగా భావించి మరల స్పీకరుకు పంపెడిది. చెక్కపనికి పోయిన ధనము ధ్వనికి మిగిలెడిది కాదు. ఎందులో ఎంత పెట్టవలెనో కార్ఖానాదారే నిర్ణయించెడివాడు. గృహస్థుడు పెట్టె రంగు ఎంచుకొనెడివాడు.

ఈ పెట్టె పగులుటకు రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలము కారణమైనది. 1947లో విలియమ్‌సన్ అను ఇంజనీరు "వైర్‌లెస్ వరల్డ్" పత్రికలో ఒక ఆంప్లిఫైయరు నిర్మాణమును ప్రచురించినాడు. పదునైదు వాట్ల శక్తి వద్ద దాని వికారము నూటికి పదవ వంతు కూడ లేదు. పత్రిక చదివి ఎవరైనను ఇంట తయారుచేసికొనవచ్చును. అనేక దేశములలో ఔత్సాహికులు అట్లే చేసికొనినారు. ఆంప్లిఫైయరు గండి పూడినది. 1948లో కొలంబియావారు ఎల్.పి. రికార్డును విడుదల చేసినారు. నిమిషమునకు 33 చుట్లకు మరి మూడవ వంతు చేర్చి తిరుగు ఆ వినైల్ పళ్ళెముపై ఒక ప్రక్కనే ఇరువది నిమిషములకు పైబడి సంగీతము పట్టినది, బుస తగ్గినది. రికార్డు గండియు చాలవరకు పూడినది.

మిగిలినది స్పీకరు. మందర స్వరములు గంభీరముగా పలుకవలెనన్న ఆనాడు బీరువా అంతటి పెట్టె కావలెను. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అను అధ్యాపకుడు, తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి, గాలి చొరకుండ మూసిన చిన్న పెట్టెలో స్పీకరును అమర్చినాడు. లోపల బంధింపబడిన గాలియే స్ప్రింగువలె పనిచేసి, స్పీకరు పొరను అదుపులో ఉంచినది. పుస్తకముల అరలో పట్టు పెట్టెనుండి మృదంగపు తొప్పివంటి లోతైన నాదము రాగలదని అప్పుడు తేలినది.

ఇది ఎంత సమయమునకు వచ్చినదో చూడుడు. 1957లో వెస్ట్రెక్స్ సంస్థవారు ఒకే గాడి రెండు గోడలపై రెండు ధ్వనులు చెక్కు రికార్డును ప్రదర్శించినారు. బ్లూమ్‌లైన్ ఇరువదియారేండ్ల క్రిందట ఊహించిన పద్ధతియే అది. 1958లో స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చినవి. ఇప్పుడు ప్రతి ఇంటికి స్పీకర్లు రెండు కావలెను. బీరువాలు రెండు ఏ గదిలో పట్టును? విల్చర్ చిన్న పెట్టె లేనిచో సామాన్యుల ఇండ్లకు స్టీరియో వచ్చుట మరింత ఆలస్యమై ఉండును.

అయితే ఆ చిన్న పెట్టె ఒక మూల్యము కోరినది. దానికి ఎక్కువ శక్తి కావలెను. ఒక స్పీకరు మరియొకదానికంటె ఆరు డెసిబెల్లులు మందమైనదైనచో, అంతే గట్టిగా వినిపించుటకు ఆంప్లిఫైయరు నాలుగింతల శక్తి ఇయ్యవలెను. కావున స్పీకరును, ఆంప్లిఫైయరును వేర్వేరుగా కొనినను, జతగా ఎంచవలెనను నియమము ఆనాడే పుట్టినది.

అటుతరువాత ఒక వివాదము సాగినది. వస్తువు వస్తువుకు గల భేదము అన్నిటికంటె స్పీకర్లలోనే మెండు గనుక సొమ్ము వానికే పెట్టుడని కొందరు. 1970ల దశకములో స్కాట్లండునుండి లిన్ సంస్థవారు దీనిని త్రిప్పివేసినారు: రికార్డునుండి సూది తీయలేనిదానిని ఎంత గొప్ప స్పీకరైనను పుట్టింపజాలదు గనుక టర్న్‌టేబులే ప్రధానమని వారి వాదము. తర్కము దోషము లేనిది. కాని 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినది. సెకండుకు 44,100 మారులు కొలిచిన అంకెలుగా ధ్వనిని దాచు ఆ పళ్ళెముతో, సామాన్యమైన యంత్రము కూడ శుద్ధముగా పాడగలిగినది. మూలము వద్ద గండి మరల పూడినది. నేడు చేతి ఫోనులోనుండి వచ్చు ధ్వని కూడ నాటి ఖరీదైన యంత్రములకు తీసిపోదు.

మన దేశమున ఈ కథ వేరొక దారి పట్టినది. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారములు ఒకే ధ్వనివి, ఎఫ్.ఎం. ప్రసారము 1977లో మదరాసులో ఆరంభమైనది. మన కుటుంబములు పెక్కింటికి తొలి స్టీరియో, క్యాసెట్లు వేయు టూ-ఇన్-వన్ రూపమున వచ్చినది. రెండు స్పీకర్లు ఉన్నమాట నిజమే. కాని మూరెడు దూరములో, మరల ఒకే పెట్టెలో! విడివిడిగా కొను ప్రశ్న ఆ మాస్టారివంటి వారికి ఇప్పుడు కొత్తగా ఎదురగుట అందుచేతనే.

ఇక వారికి మా జవాబు. ఆంప్లిఫైయరు గండి ఏనాడో పూడినది గనుక మధ్యరకమైనది చాలును. స్పీకరు మాత్రము నేటికిని పొరను ఊపి గాలిని కదలించు యంత్రమే. భేదములు అక్కడనే ఎక్కువ. కావున సొమ్ములో సగము స్పీకర్లకు పెట్టుడు. మీ రికార్డులలో రెండు మూడు వెంట తీసికొనిపోయి, మీకు బాగుగా తెలిసిన గొంతునే ఆ స్పీకర్లపై వినుడు. తెలిసిన గొంతు తెలిసినట్లు వినబడినచో అదియే మంచి స్పీకరు.

టర్న్‌టేబులు విషయములో రెండు జాగ్రత్తలు. సూదినుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి సన్నము. దానిని పెంచు ఫోనో విభాగము ఆంప్లిఫైయరులోగాని టర్న్‌టేబులులోగాని ఉన్నదా అని అడుగుడు. తండ్రిగారి రికార్డులకు 78 వేగము, వెడల్పైన గాడికి తగిన వేరు సూది కావలెను. ఎల్.పి. సూది వానికి పనికిరాదు. ఆ పాత రికార్డులు రెండు స్పీకర్లలో మ్రోగినను ఒకే ధ్వనివిగానే ఉండును. గొంతు నడుమనుండి వచ్చును. అది లోపము కాదు. మంచి స్పీకర్లకు పెట్టిన సొమ్ము వానికిని దక్కును. ఇంటికి తెచ్చిన పిదప ఎరుపు తీగ ఎరుపు మరకు, నలుపు నలుపుకు బిగింపుడు. ఒక స్పీకరుకు మాత్రము తారుమారైనచో మందరము పలచబడి, గొంతు నడుమ నిలువదు.

చివరి ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమైనది. వంటింటిలోనుండి పాట వినబడును, రంగస్థలము వినబడదు. రేడియో ఇల్లంతటికి ఒకే మాట చెప్పును. స్టీరియో మాత్రము ఎదుట వచ్చి కూర్చున్నవారికే తన సర్వస్వము ఇచ్చును. రెండు స్పీకర్ల నడుమ ఎంత దూరమో, వానికిని వినువారికిని అంతే దూరము ఉండవలెను. ఆ త్రిభుజపు మొనయే ఉత్తమ స్థానము. అక్కడ ఒక్కరికి పూర్తిగా, ప్రక్కనున్నవారికి చాలవరకు దక్కును. కావున మాస్టారు అంగడికి పోవుటకు ముందే గదిలో రెండు కుర్చీలు వేసి చూచుకొనవలెనని మా మనవి. తొలి రికార్డు పెట్టుటకు వంటపని ముగియువరకు ఆగి, నడిమి కుర్చీలో ఆ యిల్లాలిని కూర్చుండబెట్టుట మంచిది. ఇన్నేండ్లు ఆమె ప్రక్క గదినుండి విన్న సంగీతమే అది.