చూసిన బొమ్మను మళ్ళీ విన్నాం

నాచారం పారిశ్రామికవాడలో లారీల రొద సద్దుమణిగాక, దీపం ఆర్పేసి పాత 'పాతాళభైరవి' సంక్షిప్త శబ్దచిత్రం పెట్టుకుంటాను. ఎవరో ఎప్పుడో రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న శబ్దం అది. పాట వెనకాల సన్నటి గరగర. ఒకచోట ఎవరింట్లోనో గిన్నె జారిపడిన చప్పుడు. సరిగ్గా సగంలో ఒక కోత. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్క ముప్పై నిమిషాలకే అయిపోతుంది. దాన్ని తీసి, తిప్పి, మళ్ళీ బటన్ నొక్కేలోపు కొన్ని మాటలు గాలిలో కలిసిపోయాయి.

అయినా మాంత్రికుడి వేషంలోని ఎస్వీ రంగారావు గొంతు "డింభకా" అనగానే మా గది గోడలు కనబడవు. గుహ ఒకటి తెరుచుకుంటుంది. ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తెర మీది గుహ కన్నా చీకట్లో విన్న గుహే నాకు లోతుగా తోస్తుంది. చూడ్డానికి తీసిన బొమ్మను తెలుగువాళ్ళు పనిగట్టుకుని మళ్ళీ ఎందుకు విన్నారు? ఆ జవాబు కోసం చాలా వెనక్కి వెళ్ళాలి.

మజిలీలో పుట్టిన కథ

పాతాళభైరవి కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు'. పన్నెండు సంపుటాల ఆ అద్భుత కథాసాగరానికి ఆయన ఎంచుకున్న చట్రం చూడండి. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరాడు. తోడు వచ్చే పశువుల కాపరి కుర్రవాడు ఒక షరతు పెట్టాడు: దారిలో తాను అడిగిన కథల్లా చెప్పాలి. ప్రతి మజిలీలోనూ కుర్రవాడు ఏదో ఒక వింత చూసి వచ్చి అడుగుతాడు, గురువు చెబుతాడు. అచ్చులో ఉన్న పుస్తకమే అయినా లోపల నడిచేదంతా చెప్పడం, వినడం. మాయలు, మంత్రాలు, శాపాలు, రూపాలు మారడం అన్నీ ఒక గొంతు నుంచి ఒక చెవికి చేరుతున్నాయి.

నిజానికి మన అద్భుత కథల తీరే అంత. పురాణ కాలక్షేపం, బుర్రకథ, తోలుబొమ్మలాట, అమ్మమ్మ పక్కలో విన్న ఏడు సముద్రాల కథ. వీటిలో కళ్ళకు పని కొంతే, మిగతాదంతా వినేవాడి మనసు కల్పించుకోవాలి. రేడియో వచ్చేనాటికే తెలుగు శ్రోత సిద్ధంగా ఉన్నాడు.

చీకటి గని నుంచి మద్రాసు దాకా

రేడియో నాటకం చీకట్లోనే పుట్టింది. 1924 జనవరిలో బీబీసీ ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక ఒక బొగ్గుగనిలో జరుగుతుంది. దీపాలు ఆరిపోతాయి, లోపలున్న వాళ్ళు చీకట్లో చిక్కుకుంటారు. పాత్రలకు ఏమీ కనబడదు, శ్రోతకూ కనబడదు. ఇద్దరూ ఒకే చీకట్లో ఉన్నారు. కొత్త మాధ్యమానికి ఉన్న లోటునే బలంగా మార్చుకున్న ఆలోచన అది.

మద్రాసులో ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు నాటకం తొలి రోజుల్లోనే గాలిలోకి ఎక్కింది. ముద్దుకృష్ణ రాసిన 'అనార్కలి'లో సలీముకు గొంతిచ్చింది దేవులపల్లి కృష్ణశాస్త్రి. అదే ఏడాది అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్, హెచ్.జి.వెల్స్ నవల 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను రేడియో నాటకంగా వినిపించాడు. అంగారకుడి నుంచి దండయాత్ర నిజంగానే వచ్చిందని నమ్మి హడలిపోయినవాళ్ళున్నారు. కల్పిత కథను గొంతు ఎంత నమ్మించగలదో ఆ రాత్రి లోకానికి తెలిసింది.

హైదరాబాదుది వేరే దారి. ఇక్కడ మొదట ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. దక్కన్ రేడియోలో పెద్దపీట ఉర్దూది, తెలుగుకు కొద్దిపాటి చోటు. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అప్పటికే, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు నుంచి తెలుగు కళాకారులు ఒక్కొక్కరే హైదరాబాదు చేరారు. కృష్ణశాస్త్రి వచ్చారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలు పిలుచుకున్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తమ పిల్లల కార్యక్రమం బాలానందంతో వచ్చారు. స్త్రీ పాత్రలతో రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావు ఇక్కడి రేడియో నాటకానికి పనిచేశారు. శారదా శ్రీనివాసన్ గొంతు హైదరాబాదు కేంద్రానికి గుర్తుగా నిలిచింది. విజయవాడలో నండూరి సుబ్బారావు మాట వింటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. చిలకమర్తి 'గణపతి' నవల, గురజాడ 'కన్యాశుల్కం' రేడియో ద్వారా, పుస్తకం తెరవని ఇళ్ళలోకీ వెళ్ళాయి.

మైకు నేర్పిన చదువు

రంగస్థలం మీద నటుడు చివరి బెంచీవాడికి వినబడేలా గొంతెత్తాలి. మైకు ముందు అది పనికిరాదు. అక్కడ శ్రోత అడుగు దూరంలో ఉన్నాడు. నిట్టూర్పు చాలు, ఊపిరి తడబడితే చాలు. పద్యాన్ని సాగదీసి చప్పట్లు కొట్టించుకున్న తరం, గొంతు దించి మనసు విప్పడం నేర్చుకోవలసి వచ్చింది.

దూరం కూడా గొంతులోనే ఉంటుంది. మైకుకు దగ్గరగా గుసగుసలాడితే మనసులో మాట. రెండడుగులు వెనక్కి వెళితే గదికి ఆ మూల. మొహం పక్కకు తిప్పి మాట్లాడుతూ దూరం జరిగితే మనిషి గడప దాటి వెళ్ళిపోయినట్టే. కొబ్బరి చిప్పలు రెండు నేలకు తాటిస్తే గుర్రం పరుగెత్తుతుంది. మెరిసే పల్చటి కాగితాన్ని నలిపితే మంటలు లేస్తాయి. రేకును ఊపితే ఉరుము. ఇంతటి చిన్న సరంజామాతో ఏ కోటనైనా కట్టొచ్చు. సినిమాలో రాక్షసుడికి వేషం కుట్టించాలి, కోరలు పెట్టాలి. రేడియోలో ఎవరి భయాన్ని బట్టి వాళ్ళే రాక్షసుణ్ణి చేసుకుంటారు. అద్భుత కథకూ రేడియోకూ కుదిరినంత పొత్తు మరో కథా ప్రక్రియకు కుదరకపోవడానికి కారణం ఇదే.

బొమ్మను విన్న రోజులు

1951 మార్చి 15న విడుదలైన పాతాళభైరవికి పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, కె.వి.రెడ్డి దర్శకత్వం, ఘంటసాల సంగీతం. సినిమా హాలు దాటాక ఆ బొమ్మ మళ్ళీ రేడియోలోకి వచ్చింది. సంక్షిప్త శబ్దచిత్రం అంటే సినిమా సౌండ్ ట్రాక్‌ను గంటకు కుదించి వినిపించడం. మాటలు లేని దృశ్యాలు పోతాయి, పాటలు కొన్ని పొట్టివవుతాయి, ఎక్కడ అతుకు కావాలో అక్కడ వ్యాఖ్యాత రెండు ముక్కలు చెబుతాడు. అంతే. సినిమా కాస్తా రేడియో నాటకం అయిపోయింది.

అది ఇంత బాగా కుదరడం కాకతాళీయం కాదు. పింగళి రాత వినడానికి పుట్టిన రాత. నేపాళ మాంత్రికుడి మాట తీరు వేరు, కథానాయకుడు తోటరాముడిది వేరు, అతని స్నేహితుడు అంజిది వేరు. కళ్ళు మూసుకున్నా ఎవరు మాట్లాడుతున్నారో పొరబడే అవకాశం లేదు. కాశీ మజిలీలో చెవి కోసం పుట్టిన కథ తెర మీదికి వెళ్ళి, కాస్త తిరిగి, చెవి దగ్గరికే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం వీధి పొడవునా నడిస్తే ఒక్క మాటా తప్పిపోకుండా కథంతా వినొచ్చని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ప్రతి కిటికీలోనూ అదే మోగేది. రేడియోలో ఉషశ్రీ రామాయణ భారతాలు చెప్పిన రోజుల్లోనూ అంతే. ఒక్క మనిషి, ఒక్క గొంతు. సేతువు కట్టినా, కురుక్షేత్రం నడిపినా ఆ గొంతుతోనే.

మన చుట్టుపక్కల

ఈ చరిత్రలో మా తూర్పు హైదరాబాదుకు ఉన్న వాటా చాలామందికి తట్టదు. నాచారం దాటి కుషాయిగూడ వైపు వెళితే 1967లో స్థాపించిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. 1975-76లో ఉపగ్రహం ద్వారా దేశంలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించిన 'సైట్' ప్రయోగానికి టీవీలు తయారైంది ఈసీఐఎల్‌లోనే. ఉప్పల్ కూడలి నుంచి అంబర్‌పేట వైపు వెళితే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. బస్సు కండక్టర్లు "టీవీ స్టూడియో" అని కేకేసే స్టాపు అదే. హైదరాబాదులో దూరదర్శన్ మొదలైంది 1977లో. రేడియో నాటకానికి ఇళ్ళలో ఉన్న చోటును నెమ్మదిగా తీసుకున్న పెట్టె మా ఇరుగుపొరుగునే రూపుదిద్దుకుంది.

అయితే ఇదే నాచారంలో మరొకటి కూడా జరిగింది. ఎన్టీ రామారావు ఇక్కడ కట్టిన రామకృష్ణ స్టూడియోలో 1976లో 'దానవీరశూరకర్ణ' తీశారు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ఆయనే, దర్శకుడూ ఆయనే. 1977 సంక్రాంతికి బొమ్మ వచ్చింది. కొండవీటి వేంకటకవి మాటలు జనం నోట పడ్డాయి. ఆ డైలాగులు రికార్డుల మీద, తర్వాత క్యాసెట్ల మీద వచ్చి, పెళ్ళి పందిళ్ళలో, గుడి మైకుల్లో, టీ కొట్లలో మోగాయి. నాచారంలో వేసిన సెట్టింగులు, కిరీటాలు, గదలు ఇంత కష్టపడి చూపించినవన్నీ పక్కకు పోయి, చివరికి ఊరూరికీ వెళ్ళింది గొంతే. టీవీ వచ్చిన సంవత్సరమే మనవాళ్ళు ఈ సినిమానూ వినడం మొదలుపెట్టారు.

మొదట అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. మనం బొమ్మకు బదులుగా మాటను సరిపెట్టుకోలేదు. బొమ్మ చేతికి వచ్చాక కూడా మాటనే కోరుకున్నాం. చూసినది అందరికీ ఒక్కటే, విన్నది ఎవరికి వారిది. తోటరాముడి గుహను నేను ఒకలా కట్టుకున్నాను, మా అమ్మ ఒకలా కట్టుకుంది. రెండూ పాతాళభైరవే.

మిగిలిన టేపులు

టోల్కీన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అచ్చయింది 1954-55లో. ఆ వెంటనే, 1955-56లో, బీబీసీ దాన్ని రేడియో నాటకంగా ప్రసారం చేసింది. ఆ రికార్డింగు ఈ రోజు లేదు. 1981లో బ్రయన్ సిబ్లీ, మైకేల్ బేక్‌వెల్ మళ్ళీ నాటకీకరించి, 26 అరగంటల భాగాలుగా వినిపించారు. ఫ్రోడోగా ఇయాన్ హోమ్, గాండాల్ఫ్‌గా మైకేల్ హోర్డర్న్. భారీ సినిమాలు వచ్చాక కూడా ఆ టేపులను ప్రేమించేవాళ్ళు తగ్గలేదు. ఒకే పుస్తకానికి రెండు నాటకాలు. దాచుకున్నది బతికింది, దాచుకోనిది పోయింది.

మన దగ్గరా అంతే. టేపు ఖరీదైన రోజుల్లో ఒక నాటకాన్ని చెరిపి ఇంకొకటి ఎక్కించడం రేడియోలో మామూలు సంగతి. అందుకే మన రేడియో చరిత్రలో కొంత భాగం ఇళ్ళలోనే మిగిలి ఉంది. హబ్సిగూడలో, ఉప్పల్‌లో, మల్లాపూర్‌లో ఏ అటక మీదో చెప్పుల డబ్బాలో ఉన్న క్యాసెట్లు పారేయకండి. తెల్లటి బూజు కనబడితే ప్లేయర్‌లో పెట్టకుండా ముందు తెలిసినవాళ్ళకు చూపించండి. బాగున్నవాటిని ఒక్కసారి మోగించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. పేరు, కేంద్రం, గుర్తున్నంత మేరకు తేదీ రాసిపెట్టండి. గరగరను మరీ తుడిచేయకండి, గొంతులో పసా దాంతోపాటే పోతుంది.

నా దగ్గరున్న టేపులో గిన్నె చప్పుడును కూడా నేను తీసేయలేదు. ఒక మధ్యాహ్నం, ఎవరింట్లోనో, వంటపని చేసుకుంటూ ఒకరు మాంత్రికుడి మాట విన్నారు. చేయి జారింది. ఆ సగంలోని కోతలో పోయిన మాటలు ఎక్కడో మరొకరి క్యాసెట్‌లో ఉండే ఉంటాయి. అవి దొరికితే చేర్చి అతకాలని ఎదురుచూస్తున్నాను.