పలచని దీపం కథ

మోటారుకారులో కూర్చున్నవారి కళ్లకు ఎండ తగలకుండా ముందు అద్దానికి పైన మడిచే పలక ఒకటి ఉంటుంది. దానిని సన్‌వైజర్ అంటారు. అనేక కార్లలో ఆ పలకకు ముఖం చూచుకొనే చిన్న అద్దమూ, దాని పక్కన దీపమూ అమర్చి ఉంటవి. ఇది స్వల్ప విషయంగానే కనిపిస్తుంది. కాని ఆ దీపం పలక మందంలో ఇమడాలి. ముఖానికి దగ్గరగా ఉండేది గనుక వేడెక్కకూడదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీని త్వరగా ఖర్చు చేయకూడదు.

లోహపు తీగ కాగి వెలిగే బల్బు ఈ పనికి అంత అనుకూలమైనది కాదు. అది తీసుకొనే విద్యుచ్ఛక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా వెలుగుగా మారదు. వేడి రూపంలో పోతుంది. మరి, వస్తువును కాచకుండానే విద్యుత్తు నుండి వెలుగు రాబట్టవచ్చునా?

ఈ ప్రశ్నకు జవాబు రేడియో పరిశోధనలలో అనుకోకుండా దొరికింది. 1907లో హెన్రీ జోసెఫ్ రౌండ్ అనే బ్రిటిషు ఇంజనీరు కార్బొరండం స్ఫటికం మీద రెండు బిందువుల మధ్య 10 వోల్టులు ప్రయోగించగా, పసుపుపచ్చని వెలుగు కనిపించింది. ఆయన ఆ సంగతిని ఒక చిన్న లేఖగా ప్రకటించాడు. 1920 తరువాతి సంవత్సరాలలో రష్యాలో ఒలెగ్ లోసెవ్ ఇదే వెలుగును శ్రద్ధగా పరిశీలించాడు. వెలుగుతున్న చోట ఆయన ఒక బెంజీన్ చుక్క ఉంచాడు. బెంజీన్ త్వరగా ఆవిరయ్యే ద్రవం. స్ఫటికం కాగి వెలుగుతున్నట్లయితే ఆ చుక్క వెంటనే ఆరిపోవాలి. అది చాలా నెమ్మదిగా ఆరింది. ఈ వెలుగు వేడివల్ల పుట్టినది కాదని తేలింది. లోసెవ్ 1942లో, శత్రువుల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్ నగరంలో, ఆకలితో మరణించాడు.

1936లో ఫ్రాన్సు దేశంలో జార్జి డెస్ట్రియో మరొక మార్గం చూపాడు. ఏకాంతర విద్యుత్ క్షేత్రంలో జింక్ సల్ఫైడ్ పొడి వెలిగింది. ఈ సూత్రంతో కాగితమంత పలచని దీపపు రేకులు తయారైనవి. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ వారు తమ కార్ల మీటర్లను ఇట్టి దీపాలతో వెలిగించారు. అయితే కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. దానిని హెచ్చు వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే సాధనం వీటికి అవసరమయ్యేది. పైగా వాటి వెలుగు మందం. కాలక్రమాన మరింత తగ్గేది.

1962లో నిక్ హోలొన్యాక్ కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే డయోడును తయారుచేశాడు. కాని ఎర్ర వెలుగులో ముఖపు రంగు సరిగా తెలియదు. తెల్లని వెలుగు కావాలంటే నీలి వెలుగు దొరకాలి. అందుకు గాలియం నైట్రైడ్ స్ఫటికాలు దోషరహితంగా పెరగక చాలాకాలం ఆటంకమైనది. జపానులో అకసాకి, అమానో, నకమురా ఈ చిక్కు విడదీశారు. నకమురా 1993లో కాంతివంతమైన నీలి డయోడును ప్రకటించాడు. ఆ నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుపచ్చగా మార్చే పదార్థాన్ని పైన పూయగా తెల్లని వెలుగు సిద్ధించింది. ఈ ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తెల్లని డయోడు ఒక్కొక్కదానికి సుమారు 3 వోల్టులు చాలు. మూడింటిని వరుసగా కలిపి, ఒక నిరోధకం చేర్చితే కారు బ్యాటరీకి సరిపోతుంది. పలచని ప్లాస్టిక్ పలక అంచున వీటిని అమర్చితే, కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ పలకంతటా వ్యాపించి, అద్దం పక్కన సమంగా వెలువడుతుంది.

రౌండ్ చూచిన మిణుకు నుండి నీలి డయోడు వరకు 86 సంవత్సరాలు గడచినవి. ప్రయోగశాలలో వెదకనిది ఏదైనా కనిపించినప్పుడు, విద్యార్థులారా, లోసెవ్ బెంజీన్ చుక్కను జ్ఞాపకం చేసుకొనండి: దానిని ప్రశ్నించే చిన్న పరీక్ష ఒకటి ఆలోచించండి.