మోటారు సైకిలు గొలుసు, పళ్ళచక్రాల మార్పిడి

మోటారు సైకిలులో గేరుపెట్టె నుండి వెనుక చక్రానికి శక్తిని చేరవేసే ఉక్కు గొలుసు, దానిని పట్టి తిప్పే రెండు పళ్ళచక్రాలు అరిగిపోయినపుడు వాటిని తొలగించి కొత్తవి అమర్చుటను గొలుసు, పళ్ళచక్రాల మార్పిడి అంటారు. వాడుకలో గొలుసును చైన్ అని, పళ్ళచక్రాన్ని స్ప్రాకెట్ అని అంటారు. ఈ మూడు భాగాలను కలిపి మెకానిక్కులు "చైన్ సెట్" లేదా "చైన్ కిట్" అని వ్యవహరిస్తారు. పాత బండ్లకు ఈ పని తరచుగా అవసరమవుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు వంటి సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి, ఇసుకల వలన గొలుసు మరింత త్వరగా పాడవుతుంది.

చరిత్ర

గొలుసుతో చక్రాలను తిప్పవచ్చుననే ఆలోచన లియొనార్డో డావిన్సీ గీసిన చిత్రాలలోనే కనిపిస్తుంది. నేడు వాడుకలో ఉన్న రోలరు గొలుసును స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించాడు. మొదట యంత్రాలలోను, సైకిళ్ళలోను, తరువాత మోటారు సైకిళ్ళలోను ఇది ప్రవేశించింది.

భారతదేశంలో 1955లో మద్రాసులో ప్రారంభమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్, మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుండి 1996 వరకు వెలువడిన జావా, యెజ్డి బండ్లు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ - ఇవన్నీ గొలుసుతో నడిచేవే. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ కూడా ఇదే పద్ధతిని అనుసరించాయి. ఈ బండ్లకు కావలసిన గొలుసులు చెన్నైలోని టి.ఐ. డైమండ్ చైన్, కోయంబత్తూరులోని ఎల్.జి. బాలకృష్ణన్ వంటి దేశీయ సంస్థల నుండే వెలువడ్డాయి.

నిర్మాణం, కొలతలు

రోలరు గొలుసులో ఐదు రకాల భాగాలు ఉంటాయి. అవి లోపలి ప్లేట్లు, బయటి ప్లేట్లు, పిన్నులు, పిన్నుపై తిరిగే బుష్‌లు, బుష్‌పై తిరిగే రోలర్లు. రోలరు పళ్ళచక్రపు పన్నుల మధ్య గుంటలో కూర్చుంటుంది. ఒక పిన్ను మధ్య నుండి ప్రక్క పిన్ను మధ్యకు గల దూరాన్ని పిచ్ అంటారు.

గొలుసు ప్లేటుపై ముద్రించిన సంఖ్య దాని కొలతను తెలుపుతుంది. 428 అను సంఖ్యలో మొదటి అంకె 4 అనగా పిచ్ అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులు, అనగా అర అంగుళం లేదా 12.7 మి.మీ. అని అర్థం. 100 సి.సి. తరగతి బండ్లలో ఎక్కువగా ఈ గొలుసే వాడతారు. 520, 530 గొలుసుల పిచ్ అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అనగా 15.875 మి.మీ. మిగిలిన రెండు అంకెలు గొలుసు వెడల్పును సూచిస్తాయి. పిచ్ ఒకటే అయినా వెడల్పు తేడా ఉన్న గొలుసును ఆ పళ్ళచక్రాలపై వాడరాదు.

వెనుక పళ్ళ సంఖ్యను ముందు పళ్ళ సంఖ్యతో భాగించగా వచ్చేదే నిష్పత్తి. ముందు 14, వెనుక 42 పళ్ళు ఉంటే నిష్పత్తి 3 అవుతుంది. అనగా ముందు చక్రం మూడు చుట్లు తిరిగినపుడు వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కొత్త సెట్ కొనేటపుడు పళ్ళ సంఖ్య, లింకుల సంఖ్య పాతవాటితో సరిపోవాలి. ముందు పళ్ళు తగ్గినా, వెనుక పళ్ళు పెరిగినా ఎత్తు ఎక్కే బలం పెరుగుతుంది, కాని అదే వేగానికి ఇంజను ఎక్కువ చుట్లు తిరగవలసి వస్తుంది.

అరుగుదల ఎందుకు కలుగుతుంది

"చైన్ సాగింది" అని సాధారణంగా అంటారు. వాస్తవానికి ఉక్కు ప్లేట్లు సాగవు. పిన్ను, బుష్ ఒకదానినొకటి రాసుకొని అరుగుతాయి. ఆ సందు ప్రతి కీలులోను చేరి గొలుసు మొత్తం నిడివి పెరుగుతుంది. 112 లింకుల గొలుసులో ఒక్కొక్క కీలు మిల్లీమీటరులో పదవ వంతు అరిగితే మొత్తం నిడివి 11.2 మి.మీ. పెరుగుతుంది.

పిచ్ పెరిగిన గొలుసు పన్నుల అడుగున కూర్చోలేక కొనల వైపు ఎక్కుతుంది. దానితో పన్నులు ఒక ప్రక్కకు వంగిన కొక్కేల వలె అరుగుతాయి. అరిగిన పళ్ళచక్రంపై కొత్త గొలుసు వేస్తే అది కొద్ది కాలంలోనే పాడవుతుంది. కొత్త పళ్ళచక్రంపై పాత గొలుసు వేసినా ఇదే జరుగుతుంది. అందువలననే మూడు భాగాలను ఒకేసారి మార్చాలి. గొలుసు మాత్రమే మార్చితే మిగిలిన డబ్బు త్వరలోనే రెండవ ఖర్చుగా తిరిగి వస్తుంది.

మార్చవలసిన సమయాన్ని గుర్తించుట

గొలుసును బిగువుగా లాగి, ఒక పిన్ను మధ్య నుండి 21వ పిన్ను మధ్య వరకు, అనగా 20 పిచ్‌ల దూరం కొలవాలి. 428 గొలుసుకు ఇది కొత్తలో 254 మి.మీ. పాత బండ్లలో నిడివి సుమారు 2 శాతం పెరిగితే, అనగా 259 మి.మీ. చేరితే గొలుసును మార్చాలి. పిచ్ 15.875 మి.మీ. గల గొలుసుకు ఈ కొలతలు 317.5, 324 మి.మీ. కొలబద్ద లేకపోయినా క్రింది గుర్తులను చూడవచ్చు.

* వెనుక పళ్ళచక్రం చివరి భాగంలో గొలుసును వెనుకకు లాగినపుడు సగం పన్ను బయటకు కనబడుట.
* అడ్జస్టరు చివరి గీతకు చేరినా గొలుసు వదులుగానే ఉండుట.
* చక్రాన్ని తిప్పినపుడు ఒకచోట బిగువుగా, మరొకచోట వదులుగా ఉండుట.
* తుప్పు వలన కొన్ని లింకులు వంగకుండా గట్టిపడుట, లేదా రోలరు పగులుట.

అశ్రద్ధ వలన ప్రమాదాలు

నడుస్తున్న బండిలో గొలుసు తెగితే అది ముందు పళ్ళచక్రం వద్ద ముద్దగా చుట్టుకొని ఇంజను కేసును పగులగొట్టవచ్చు. వెనుక చక్రంలో చిక్కుకొంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకొని బండి పడిపోతుంది. పాత బండి కేసు పగిలితే దాని మరమ్మతుకు అయ్యే ఖర్చు చైన్ సెట్ ధర కంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

మార్చే విధానం

ముందు పళ్ళచక్రం ఇంజను ఎడమవైపు మూత వెనుక, రెండు చిన్న బోల్టులతో బిగించి ఉండే 100 సి.సి. తరగతి బండ్లకు ఈ క్రమం వర్తిస్తుంది.

1. బండిని సమతలంపై మెయిన్ స్టాండు వేసి నిలపాలి. ఇంజను చల్లబడిన తరువాత తాళం చెవి తీసివేయాలి.
2. గేరు పెడల్, ముందు పళ్ళచక్రం మూత, చైన్ కవరు విప్పాలి. పేరుకొన్న జిడ్డుమట్టిని తీసి కిరోసిన్‌తో తుడవాలి.
3. గొలుసు అమర్చి ఉండగానే మొదటి గేరు వేసి, మరొకరు వెనుక బ్రేకు తొక్కి పట్టగా ముందు పళ్ళచక్రం బోల్టులను వదులు చేయాలి. గొలుసు తీసిన తరువాత ఈ పని కష్టమవుతుంది.
4. గేరును న్యూట్రల్‌కు తెచ్చి, లాకు లింకు క్లిప్పును తొలగించి గొలుసును బయటకు తీయాలి.
5. బ్రేకు రాడ్డును, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ ఆర్మ్‌ను విప్పి, యాక్సిల్ లాగి వెనుక చక్రాన్ని తీయాలి.
6. వెనుక పళ్ళచక్రం నట్ల లాకు వాషర్లను విడదీసి పాతదానిని తొలగించాలి. హబ్‌లోని డ్యాంపర్ రబ్బర్లు, బేరింగు ఈ సమయంలోనే పరీక్షించాలి. కొత్త చక్రం నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి వాషర్ల అంచులు మడవాలి.
7. ముందు పళ్ళచక్రం తీసి, షాఫ్టు చుట్టూ ఉన్న ఆయిల్ సీల్ కారుతున్నదేమో చూడాలి. కొత్త పళ్ళచక్రం, లాకు ప్లేటు అమర్చాలి.
8. అడ్జస్టర్లను పూర్తిగా ముందుకు జరిపి చక్రాన్ని అమర్చాలి. గొలుసు రెండు కొనలను వెనుక పళ్ళచక్రం పన్నులపై కలిపితే లాకు లింకు తేలికగా పడుతుంది.
9. లాకు క్లిప్పు మూసిన కొన గొలుసు కదిలే దిశలో ముందుకు ఉండాలి. తెరిచిన కొన ముందుకు ఉంటే దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు.
10. గొలుసు వదులును సరిచేసి, యాక్సిల్ నట్టు బిగించి, టార్క్ ఆర్మ్‌ను తిరిగి అమర్చి దాని పిన్ను వేయాలి. టార్క్ ఆర్మ్ వదులైతే బ్రేకు వేసినపుడు బ్రేకు ప్లేటు తిరిగి చక్రం పట్టుకొంటుంది. చివరగా బ్రేకు పెడల్ కదలికను సరిచూడాలి.

పాత బుల్లెట్ బండ్లలో

నాలుగు గేర్ల పాత బుల్లెట్లలో ముందు పళ్ళచక్రం క్లచ్చి వెనుక ఉంటుంది. దానిని తీయుటకు ఎడమవైపు ప్రైమరీ కేసును, క్లచ్చిని విప్పవలసి ఉంటుంది. వెనుక పళ్ళచక్రం బ్రేకు డ్రమ్ముతో కలిసి ఒకే భాగంగా ఉంటుంది. కనుక పన్నులు అరిగితే సాధారణంగా డ్రమ్మునే మార్చాలి. గొలుసు మాత్రమే మార్చవలసినపుడు పాత గొలుసు కొనకు కొత్త గొలుసును లాకు లింకుతో కలిపి లాగితే కేసు విప్పకుండానే కొత్తది ముందు పళ్ళచక్రం చుట్టూ తిరిగి వస్తుంది.

వదులు, వరుస సరిచూచుట

గొలుసు క్రింది భాగం మధ్యలో పైకి, క్రిందికి కదిలే దూరాన్ని కొలవాలి. చిన్న బండ్లకు ఇది సుమారు 20 నుండి 30 మి.మీ. ఉంటుంది, ఖచ్చితమైన కొలత ఆయా బండి పుస్తకంలో ఉంటుంది. ముందు పళ్ళచక్రం, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక యాక్సిల్ ఒకే గీతపైకి వచ్చినపుడు గొలుసు అన్నిటికంటె బిగువుగా ఉంటుంది. ఖాళీ బండిపై మరీ బిగించిన గొలుసు బరువు పడినపుడు బేరింగులను దెబ్బతీస్తుంది. రెండువైపులా అడ్జస్టరు గీతలు సమానంగా ఉండాలి. గీతలపై నమ్మకం లేనిచో రెండు చక్రాల ప్రక్కన పొడవైన దారం పట్టి వరుస చూడవచ్చు. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత వదులును మరల సరిచేయాలి.

భావనపాడు తీరంలో

సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం. ఇదే మండలంలోని నౌపడ ఉప్పు మళ్ళకు ప్రసిద్ధి. గాలిలోని ఉప్పు గొలుసుపై చేరి తేమను పీల్చుకొని ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నూనెకు అంటుకొన్న ఇసుక ఆకురాయి వలె పిన్నులను అరగదీస్తుంది. మంచులో పెట్టిన చేపల పెట్టెలను వెనుక కట్టి తీసుకొని వెళ్ళునపుడు కారే ఉప్పునీరు నేరుగా గొలుసుపై పడుతుంది. వేకువన రేవు నుండి బయలుదేరిన చేపల వ్యాపారికి దారిలో గొలుసు తెగితే బండితో పాటు ఆ నాటి సరకు కూడా నష్టమే.

2018 అక్టోబరులో ఈ జిల్లాను తాకిన తిత్లీ వంటి తుఫానులలో ఉప్పునీరు సోకిన బండిని వెంటనే మంచినీటితో కడిగి, ఆరిన తరువాత గొలుసుకు నూనె పట్టించాలి. అడ్డుగా ఉన్నదని చైన్ కవరును తీసివేయుట తీరప్రాంతంలో మంచిది కాదు.

జాగ్రత్తలు

* గొలుసును కిరోసిన్‌తో శుభ్రపరచవచ్చు. మంట అంటుకొనే ప్రమాదం ఉన్నందున పెట్రోలు వాడరాదు.
* సుమారు 500 కి.మీ.కు ఒకసారి, వాన తరువాత తప్పనిసరిగా 90 నంబరు గేరు నూనె పట్టించి అదనపు నూనెను తుడిచివేయాలి.
* ఇంజను నడుపుతూ, గేరులో ఉంచి గొలుసును తుడవరాదు, నూనె వేయరాదు. గుడ్డ చిక్కుకొంటే వేళ్ళు తెగిపోతాయి. చక్రాన్ని చేతితోనే తిప్పాలి.
* ఒకసారి తీసిన లాకు క్లిప్పును మరల వాడరాదు.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* గేరుపెట్టె
* తుప్పు
* భావనపాడు
* నౌపడ