క్రైస్తవ సెడర్

క్రైస్తవ సెడర్ అనగా యూదులు పస్కా పండుగ రాత్రి ఆచరించే సెడర్ విందును కొన్ని క్రైస్తవ సంఘాలు తమ విశ్వాసానికి అన్వయించుకొని జరుపుకొనే ఆచారం. సాధారణంగా ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో, ముఖ్యంగా యేసు కడపటి భోజనాన్ని స్మరించే గురువారం నాడు దీనిని జరుపుతారు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇది అమెరికాలో బాగా వ్యాపించినది. దీనిని ఆచరించే క్రైస్తవులు తమ మతమూలాలను తెలుసుకొనే మార్గంగా భావిస్తారు. మతాచారాలను పాటించే యూదులలో అనేకులు దీనిని అభ్యంతరకరమైనదిగా పరిగణిస్తారు.

యూదుల సెడర్

సెడర్ అనే హీబ్రూ పదానికి క్రమము అని అర్థం. ఐగుప్తు దాస్యం నుండి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన వృత్తాంతాన్ని ఒక నిర్ణీత క్రమంలో చెప్పుకొంటూ భుజించడం వలన ఈ పేరు వచ్చినది. యూదుల పంచాంగం ప్రకారం నీసాను నెల 14వ దినం ముగిసి 15వ దినం ఆరంభమయ్యే రాత్రి ఇది జరుగుతుంది. చదువవలసిన ప్రార్థనలు, వృత్తాంతం హగ్గదా అనే గ్రంథంలో ఉంటాయి.

పళ్ళెంలో ఉంచే ప్రతి పదార్థానికీ ఒక అర్థం కలదు. మారోర్ అనే చేదు కూర దాస్యంలోని బాధకు గుర్తు. పండ్లు, గింజలు కలిపి నూరిన ఖరోసెత్ అనే ముద్ద, ఇటుకల పనిలో వాడిన అడుసును తలపిస్తుంది. కర్పాస్ అనే ఆకుకూరను ఉప్పునీటిలో ముంచి తింటారు. మాత్సా అనగా పులియని రొట్టె. ఇంటిలో అందరికంటె చిన్నవారు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ద్రాక్షారసం నాలుగు పాత్రలు త్రాగుతారు. మూడు మాత్సాలలో నడిమిదానిని విరిచి, ఒక ముక్కను దాచి, భోజనానంతరం దానిని వెదకి తెచ్చి అందరూ తింటారు. ఈ ముక్కకు అఫికోమాన్ అని పేరు.

క్రైస్తవ అన్వయం

క్రైస్తవ సెడర్‌లో ఈ వస్తువులే ఉన్నను అర్థం మారుతుంది. మూడు మాత్సాలు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని చెబుతారు. నడిమి మాత్సాను విరవడం యేసు మరణానికి, గుడ్డలో చుట్టి దాచడం సమాధికి, వెదకి తేవడం పునరుత్థానానికి సూచనలుగా వివరిస్తారు. మాత్సాపై గల చారలను, రంధ్రాలను యేసు గాయాలతో పోలుస్తారు. భోజనానంతరం త్రాగే మూడవ పాత్రను ప్రభురాత్రి భోజనపు పాత్రగా భావిస్తారు. సీల్ రోజెన్, మోయిషె రోజెన్ దంపతులు 1978లో ప్రచురించిన 'క్రైస్ట్ ఇన్ ద పాసోవర్' అనే పుస్తకం ఈ విధమైన వివరణకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మోయిషె రోజెన్ 1970లలో, యూదులలో క్రైస్తవ ప్రచారం చేసే 'జ్యూస్ ఫర్ జీసస్' సంస్థను స్థాపించారు.

యూదుల వివరణ వేరు. విశ్రాంతి దినాలలో, పండుగలలో రెండు రొట్టెలు ఉంచడం సంప్రదాయం. అరణ్యంలో ఆరవ దినాన రెండింతలు లభించిన మన్నాకు అది జ్ఞాపకం. పేదవాని రొట్టెకు గుర్తుగా విరిచేందుకు మూడవది చేర్చబడినది. రంధ్రాలు పిండి పొంగకుండా ఉండుటకు చేసేవి. పిండి నీటితో కలిసి కదలించక ఉంచిన 18 నిమిషాలలో పులియుట ఆరంభమగునని నియమం కనుక తయారీలో త్వరపడతారు.

యేసు సెడర్ ఆచరించాడా?

మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం కడపటి భోజనం పస్కా భోజనమే. యోహాను సువార్త ప్రకారం యేసు మరణించినది పస్కాను సిద్ధపరచు దినాన. అనగా ఆ భోజనం పస్కా విందుకు ముందటి రాత్రి జరిగినది. ఈ భేదంపై పండితుల చర్చ నేటికీ సాగుతున్నది.

దీనికి మించిన సమస్య మరొకటి కలదు. యేసు కాలంలో యెరూషలేములో దేవాలయం ఉండేది. పస్కాకు ప్రధానాంగం అక్కడ వధించిన గొర్రెపిల్ల. సా.శ. 70లో రోమనులు దేవాలయాన్ని ధ్వంసం చేసిన పిమ్మట, బలి లేకుండా పండుగను నిలుపుకొనేందుకు యూద రబ్బీలు నేటి సెడర్‌ను రూపొందించారు. దాని తొలి స్వరూపం సుమారు సా.శ. 200 నాటి మిష్నాలో కనిపిస్తుంది. చివరలో పాడే కొన్ని పాటలు మధ్యయుగాలలో చేరినవి. కాబట్టి నేటి హగ్గదా యేసు చేతిలో ఉండే అవకాశం లేదు. యూద పండితుడు జొనాథన్ క్లావన్స్ 2001లో ఈ విషయాన్ని విపులంగా చర్చించారు.

చారిత్రక నేపథ్యం

ఆదిమ క్రైస్తవులలో కొందరు నీసాను 14నే తమ పండుగను ఆచరించేవారు. 325లో జరిగిన నికియా మహాసభ ఈస్టర్ తేదీని యూదుల గణన నుండి వేరుచేసినది. అంతియొకయలో యోహాను క్రిసోస్తోము 386-387 సంవత్సరాలలో, యూదుల పండుగలకు వెళ్ళే క్రైస్తవులను తీవ్రంగా ఖండిస్తూ ప్రసంగించాడు.

మధ్యయుగ ఐరోపాలో యూదులు క్రైస్తవ శిశువులను హత్య చేస్తారన్న అబద్ధపు అభియోగం పుట్టినది. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో జరిగిన ఒక బాలుని మరణం దీనికి ఆరంభం. ఆ రక్తాన్ని మాత్సాలలో కలుపుతారన్న మాట తరువాత చేరినది. 1475లో ఇటలీలోని ట్రెంట్ పట్టణంలో ఇట్టి నిందపై పలువురు యూదులు మరణశిక్షకు గురయ్యారు. ఈ భయం కారణంగా 17వ శతాబ్దపు పోలండ్ రబ్బీ దావీద్ హలేవి సెగల్, సెడర్‌లో ఎర్రని ద్రాక్షారసం వాడవద్దని సూచించాడు. 1903లో కిషినేవ్ నగరంలో యూదులపై జరిగిన హత్యాకాండ ఈస్టర్ పండుగనాడే మొదలైనది.

యూదుల అభిప్రాయాలు

యూదులందరిదీ ఒకే అభిప్రాయం కాదు. అయితే తరచుగా వినిపించే అభ్యంతరాలు మూడు.

మొదటిది అర్థానికి సంబంధించినది. సెడర్ ఒక ప్రజ తన పూర్వీకుల కథను తన బిడ్డలకు చెప్పుకొనే రాత్రి. దాని అసలు అర్థం యేసేనని చెప్పినప్పుడు, తమ ఆచారం తమకే అర్థం కాలేదని చెప్పినట్లవుతుందని యూదులు భావిస్తారు. ఇశ్రాయేలు స్థానాన్ని క్రైస్తవ సంఘం ఆక్రమించినదన్న పాత సిద్ధాంతం దీని వెనుక ఉన్నదని వారి ఆరోపణ.

రెండవది చరిత్ర. ఏ మాత్సా కారణంగా తమ పూర్వీకులు నిందలు పడ్డారో, దానినే నిందించినవారి వారసులు తమదిగా చేసుకొనడం బాధాకరమని అంటారు.

మూడవది మతప్రచారం. యూదులను క్రైస్తవంలోకి ఆకర్షించే సాధనంగా సెడర్‌ను వాడుతున్నారని ఆందోళన కలదు. యేసును మెస్సీయగా నమ్ముతూ యూద ఆచారాలు పాటించే మెస్సియానిక్ జుడాయిజాన్ని ఆర్థడాక్స్, కన్జర్వేటివ్, రిఫార్మ్, రీకన్‌స్ట్రక్షనిస్ట్ శాఖలన్నీ యూదమతంగా అంగీకరించవు. ఇజ్రాయెల్ సర్వోన్నత న్యాయస్థానం 1989లో, మెస్సియానిక్ విశ్వాసం గల ఒక దంపతులకు యూదుల వలస హక్కు వర్తించదని తీర్పునిచ్చినది.

రబ్బీలు యెహియేల్ పూప్కో, డేవిడ్ శాండ్‌మెల్ 2017లో 'క్రిస్టియానిటీ టుడే' పత్రికలో వ్రాసిన వ్యాసంలో, క్రైస్తవులు సొంతంగా సెడర్ జరుపవద్దని కోరారు. యూదుల ఇంట జరిగే సెడర్‌కు క్రైస్తవ అతిథిగా వెళ్ళడం వేరు విషయం. అనేక యూద కుటుంబాలు అన్యమతస్థులైన మిత్రులను సంతోషంగా ఆహ్వానిస్తాయి. పండుగ దినాన యూదేతరుల కొరకు వంట చేయరాదన్న నియమం వలన కొందరు ఆర్థడాక్స్ యూదులు మాత్రం ఆహ్వానించరు.

క్రైస్తవ సంఘాల వైఖరి

సమర్థించేవారు యేసు, అతని శిష్యులు యూదులేనన్న విషయాన్ని ఈ విందు గుర్తుచేస్తుందని, యూదుల పట్ల ద్వేషాన్ని తగ్గిస్తుందని అంటారు. కాథలిక్ సంఘం 1965లో ప్రకటించిన 'నోస్త్రా ఏతాతే' పత్రం యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులుగా చేయరాదని చెప్పిన తరువాత ఇట్టి ఆసక్తి పెరిగినది. అయితే అమెరికా కాథలిక్ బిషప్పుల సమాఖ్యకు చెందిన ఒక సంఘం 1988లో వెలువరించిన మార్గదర్శకాలు, సెడర్‌ను దాని స్వరూపం చెడకుండా గౌరవించవలెనని, చివర కడపటి భోజనపు పఠనాలు చేర్చి క్రైస్తవీకరించడం తప్పని పేర్కొన్నవి.

ఆంధ్ర ప్రదేశ్‌లో సంబంధిత విషయం

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు సమాజం పస్కాను ఆచరిస్తుంది. బాప్టిస్టు క్రైస్తవ నేపథ్యం గల ఈ మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిం సంతతివారమని చెప్పుకొని, 1990ల ఆరంభంలో ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకొన్నాయి. వీరు క్రైస్తవాన్ని విడిచి యూదులుగా జీవింపగోరినవారు గనుక వీరి పస్కాను క్రైస్తవ సెడర్‌గా పరిగణించరాదు.

ఇవి కూడా చూడండి

పస్కా పండుగ
యూదమతం
ఈస్టర్
బెనె ఎఫ్రాయిం