గుమాస్తా చింపేసిన కవరు

ఆ ఉత్తరాలకు వచ్చిన కష్టం విచిత్రమైనది. అవి దారిలో తప్పిపోయేవి కావు. వాటి మీద అడ్రసులో పొరపాటూ లేదు. తపాలా మనిషి తెచ్చి కొట్టు బల్లమీద పెట్టేదాకా క్షేమంగానే ఉండేవి. ఆ బల్లకీ, లోపల కూర్చున్న యజమానికీ మధ్య ఉన్న నాలుగడుగుల్లోనే మాయమయ్యేవి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నుంచి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఊరూరా చిన్న దుకాణదారులకు పంపిన ప్రచార ఉత్తరాల సంగతి ఇది. మాయం చేస్తున్నదెవరో కంపెనీకి తెలియక కాదు. కొట్లలో గుమాస్తాలు, సెలూన్లలో గ్లాసులు నింపే పనివాళ్లు. (సెలూనంటే అక్కడ మందు కొట్టు. మన క్షవరం కొట్టు కాదు.) కవరు మూలన ఆ కంపెనీ పేరు కనిపించిందా, ఇక అది యజమాని చేతికి వెళ్లేది కాదు. చిరిగి చెత్తబుట్టలో పడేది.

పాపం, వాళ్ల బాధ వాళ్లది. ఆ కంపెనీ అమ్మేది గల్లాపెట్టె. మామూలు గల్లాపెట్టె కాదు. మీట నొక్కితే ఎంతకు బేరమైందో అంకె పైకి లేచి కొనేవాడికీ కనిపిస్తుంది, గంట గణగణమంటుంది, అప్పుడుగానీ సొరుగు తెరుచుకోదు. పైగా పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎంత పడిందో లోపల లెక్క ఉంటుంది. దానికి పనివాళ్లు పెట్టిన పేరు ‘దొంగల్ని పట్టే యంత్రం’. అందులో వెటకారం ఎంతో ఉక్రోషమూ అంత. నిజాయితీగా పనిచేసేవాడికి కూడా ఆ గంట చప్పుడు తనను అనుమానించినట్టే వినిపిస్తుంది మరి.

యంత్రం పుట్టుక కూడా అనుమానం నుంచే. డేటన్‌లో సెలూన్ నడిపే జేమ్స్ రిట్టీ 1878లో ఓడమీద యూరప్ వెళ్లాడు. అమ్మకం బాగానే ఉన్నా చేతికి మిగలని కొట్టు అతనిది. ఓడ కింద తిరిగే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం ఒకటి అక్కడ కనిపించింది. సముద్రం కింద తిరిగే చక్రాన్ని లెక్కపెట్టగా లేనిది, నా బల్లమీద పడే చిల్లరను లెక్కపెట్టలేదా అనుకున్నాడు. ఇంటికొచ్చి, పనిముట్ల సంగతి తెలిసిన సోదరుడు జాన్‌తో కలిసి యంత్రం కట్టి 1879లో పేటెంటు తీసుకున్నాడు. ‘తప్పు చేయించడం ఎవరితరమూ కాని క్యాషియర్’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు ఘనంగానే ఉంది. కొన్నవాళ్లు తక్కువ. కొద్దికాలానికే ఆ వ్యాపారాన్ని వేరొకరికి అమ్మేసుకున్నాడు.

యంత్రం కొన్న కొద్దిమందిలో జాన్ హెన్రీ ప్యాటర్‌సన్ ఒకడు. బొగ్గు వ్యాపారి. కోల్టన్ అనే గని ఊళ్లో పనివాళ్ల కోసం ఒక సరుకుల కొట్టు పెట్టాడు. సరుకు ఖాళీ అవుతోంది, లాభం రావడం లేదు. టెలిగ్రాం కొట్టి రెండు యంత్రాలు తెప్పించి పెడితే, నష్టంలో ఉన్న కొట్టు కాస్తా లాభాల్లోకి వచ్చింది. అంతకుముందు కాలవ మీద పడవల పన్ను వసూలు చేసిన మనిషి కాబట్టి, ‘కట్టాను’, ‘కట్టలేదు’ అనే తగవు ఎలా ఉంటుందో అతనికి అనుభవమే. 1884లో 6,500 డాలర్లకు ఆ యంత్రాల కంపెనీ పగ్గాలు చేజిక్కించుకున్నాడు. ఊరంతా నవ్వింది. ఆ నవ్వు భరించలేక మర్నాడే వెళ్లి, 2,000 డాలర్లు ఇస్తాను, బేరం రద్దు చెయ్యమని బతిమాలాడట. అమ్మినవాడు ససేమిరా అన్నాడు. ఇక వదిలించుకోలేక నడిపాడు. ఆ బేరం అప్పుడే రద్దయి ఉంటే మనం ఈ కవర్ల కథ చెప్పుకునేవాళ్లం కాదు.

ప్యాటర్‌సన్‌కు ఒక విషయం త్వరగానే అర్థమైంది. ఆ యంత్రం కావాలని యజమానికి తెలియదు. ఎందుకంటే తనకు ఎంత పోతోందో అతనికి తెలియదు. తెలిసినవాడు గుమాస్తా. కాబట్టి ముందు చెప్పాల్సింది యంత్రం గురించి కాదు, కొట్టు గురించి. అప్పు ఇచ్చి రాయడం మరిచిన పద్దు, చిల్లర ఎక్కువ ఇచ్చిన చెయ్యి, కొనేవాడితో వచ్చే తగాదా. ఇవన్నీ రాసి, బొమ్మలు వేసి, కరపత్రాలు, చిన్న పత్రికలు అచ్చు వేయించాడు. ఒకసారి పంపి ఊరుకునే రకం కాదు. ఒకే దుకాణానికి వరసగా, ఒకదాని తర్వాత ఒకటి. కంపెనీ భాషలో ఆ దుకాణదారుడు ‘కొనగల మనిషి’. ఆ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు తీసి ‘పి.పి.’ అని పిలిచేవాళ్లు.

పంపినవన్నీ బుట్టల్లోకి పోతున్నాయని తెలిశాక మొదలైంది అసలు ఎత్తు. కవరు మీద కంపెనీ పేరు తీసేశారు. ముద్ర లేదు, బొమ్మ లేదు. సాదా కవరు, దానిమీద యజమాని పేరు. బల్ల దగ్గర ఉన్న గుమాస్తా ఆ కవరును ఏం చేస్తాడు? యజమాని చుట్టం రాశాడో, సరుకు వేసినవాడు రాశాడో, బ్యాంకు రాసిందో. చింపితే మెడకు చుట్టుకుంటుంది. లోపలికి తీసుకెళ్లి ఇవ్వక తప్పదు. అంటే ఏ గుమాస్తా అయితే అడ్డమో, ఆ గుమాస్తా చేతనే మోయించాడు. నాకైతే ఆ కాలపు ప్రకటనకర్తల తెలివితేటల్లో ఇంతకు మించింది కనిపించదు. సరుకు చూపించే మనుషులదీ ఇదే పద్ధతి. యంత్రం పెట్టెతో కొట్లో అడుగుపెడితే పనివాళ్లు గుర్తుపట్టేస్తారు కాబట్టి, ఊళ్లోని హోటల్లో గది తీసుకుని, అందులో యంత్రాన్ని అమర్చి, యజమానినే అక్కడికి పిలిపించేవాళ్లు. ఏం చెప్పాలో, ఎప్పుడు ఆగాలో అంతా రాసిన చిన్న పుస్తకం 1887 నాటికే వాళ్ల దగ్గర ఉంది. అమ్మేవాళ్లు దాన్ని కంఠతా పట్టాలి. 1911కి కంపెనీ అమ్మిన యంత్రాలు పది లక్షలకు చేరాయి.

ఇది చదివినప్పుడల్లా నాకు తెనాలిలో మా చిన్నాన్న బట్టల కొట్టు కళ్లముందుకొస్తుంది. డెబ్బైల్లో మాట. పదకొండు గంటలకు పోస్టుమాను వస్తే, ఉత్తరాల కట్ట ముందు గుమాస్తా చేతిలో పడేది. చిన్నాన్న పరుపు మీద, గల్లాపెట్టె పక్కన. ఆ పెట్టెకు గంట అక్కర్లేదు. ఆయనే లేచేవాడు కాదు. అన్నానికి వెళ్తే పిన్ని కొడుకు వచ్చి కూర్చునేవాడు. ప్యాటర్‌సన్ వచ్చినా మా కొట్లో యంత్రం అమ్మగలిగేవాడు కాదనే నా నమ్మకం.

ఉత్తరాలు విడదియ్యడం మాత్రం చూడవలసిన విద్య. చదివి కాదు, పట్టుకుని చెప్పేసేవాడు ఆ గుమాస్తా. గోధుమరంగు కవరు మీద ‘ఓ.ఐ.జి.ఎస్.’ అనే సర్కారు గుర్తు ఉంటే సేల్స్‌టాక్సు. అది అన్నిటికంటే పైన. దానికోసం చిన్నాన్న కళ్లజోడు తుడుచుకునేవాడు. రిజిస్టరు కవరైతే సంతకం, లోపల బిల్టీ, అంటే సరుకు రవాణా రసీదు. సూరత్ నుంచో బొంబాయి నుంచో బేళ్లు బయల్దేరాయన్నమాట. కార్డులను విప్పే పనేముంది, నడుస్తూనే చదివేసేవాడు. 1879లో ఈ దేశంలో కార్డు వచ్చినప్పుడు దాని వెల కాలణా. మూత లేని ఉత్తరం. మూత లేదు కాబట్టే పోస్టుమానూ చదువుతాడు, గుమాస్తా చదువుతాడు, ఇంతాచేసి యజమాని చదవకపోయినా పని జరిగిపోతుంది.

అన్నిటికంటే అన్యాయమైపోయేది బుక్ పోస్టు. అచ్చు కాగితాలకు అప్పట్లో తపాలా వాళ్లిచ్చిన చవక రేటు అది. కావాలంటే తీసి చూసుకోవడానికి వీలుగా కవరు అతికించకుండా, చెవిని లోపలికి మడిచి మాత్రమే పంపాల్సి వచ్చేది. ఆ మడిచిన చెవి చాలు, కొట్లో పిల్లాడు కూడా చెప్పేసేవాడు: ఇందులో డబ్బు లేదు, బాకీ లేదు, చావు లేదు, పెళ్లి లేదు. వెల తగ్గించుకోవడానికి పంపినవాడు చేసిన ఆ మడతే ఉత్తరం గుట్టు విప్పేసేది. లోపల ఎంత మంచి సరుకు గురించి ఉన్నా సరే, ‘అయ్యా, ఇది అడ్వర్‌టైజుమెంటు’ అని ఒక మూల పడేసేవాడు గుమాస్తా. ‘వెనక తెల్లగా ఉందా?’ అదొక్కటే చిన్నాన్న ప్రశ్న.

తెల్లగా ఉంటే మిగిలేది. కొలతలు, కూడికలు వెయ్యడానికి.

ఒక దీపావళి ముందు ఏదో బట్టల ఏజెన్సీ వాళ్లు తెలివి చూపించారు. కవరు నాలుగు మూలలా పసుపు. నిజం పసుపే, వేలికి అంటుకుంది. గుమాస్తా కట్టలోంచి దాన్ని విడిగా తీసి, కళ్లకద్దుకున్నంత పని చేసి, లోపలికి తీసుకొచ్చాడు. ‘ఎవరింట్లోనయ్యా?’ అంటూ చిన్నాన్న చేతులు తుడుచుకుని, కత్తెరతో అంచు జాగ్రత్తగా కత్తిరించాడు. శుభలేఖను చింపకూడదు కదా. లోపల లంగా గుడ్డల ధరల పట్టిక. ఆయన అరవలేదు. పట్టికను మళ్లీ కవర్లో పెట్టి, ‘వీళ్ల మనిషి వస్తే కూర్చోబెట్టకు’ అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ల దాకా ఆ ఏజెన్సీ సరుకు కొట్లోకి రాలేదు. ధర తక్కువేనని గుమాస్తా నసిగినా వినలేదు.

ప్యాటర్‌సన్ సాదా కవరుకూ ఈ పసుపు కవరుకూ తేడా నాకు అప్పుడు తెలియలేదు. రెండూ తెరిపించాయి. మొదటిది ఎవరు పంపారో చెప్పలేదు, అంతే. రెండోది ఇంట్లో పెళ్లని అబద్ధం చెప్పింది. సాదా కవరు తెరిచిన దుకాణదారుడికి లోపల తన కొట్టు సంగతే కనిపించింది. పసుపు కవరు తెరిచిన చిన్నాన్నకు వేరేవాడి కొట్టు సంగతి కనిపించింది. వ్యాపారికి ఉత్తరం తెరవడం ఒక చిన్న ఖర్చు. కళ్లజోడు, కత్తెర, ఎదురుగా చీరలు చూస్తున్న ఖాతాదారును ఒక్క నిమిషం ఆపడం. ఆ ఖర్చు పెట్టించి మోసం చేసినవాణ్ని మర్చిపోడు.

ఈ దోబూచులాట అమెరికాలోనూ ఆగలేదు. చికాగో వాసి అమెరికస్ కాలహన్ 1902లో కిటికీ ఉన్న కవరుకు పేటెంటు తీసుకున్నాడు. అడ్రసు రెండోసారి రాసే శ్రమ తప్పించాలన్నదే అతని ఉద్దేశం. బిల్లులన్నీ కిటికీలోంచి తొంగిచూడడం మొదలయ్యాక, ప్రకటనలవాళ్లూ కిటికీ పెట్టుకున్నారు. బిల్లనుకుని తెరుస్తారని! పోస్టులో సరుకు అమ్మే సియర్స్ కంపెనీ గురించి చెప్పేదింకోటి. టైపు చేసిన ఉత్తరం వస్తే పల్లెటూరివాళ్లు ‘మాకు చేతిరాత చదవడం రాదనుకున్నారా’ అని చిన్నబుచ్చుకునేవారట. అందుకని టైపు మిషన్లుండి కూడా చాలాకాలం చేత్తోనే రాయించారంటారు. వాళ్ల సరుకుల పుస్తకాన్ని పోటీ కంపెనీ పుస్తకం కంటే ఒక పిసరు చిన్న సైజులో వేసింది కూడా, ఇల్లాలు సర్దేటప్పుడు చిన్నది పైన పెడుతుందనేనట.

ఆ పుస్తకాలంటే ఊళ్లోని దుకాణదారులకు ఒళ్లు మంట. జనం పోస్టులో సరుకు తెప్పించుకుంటే తమ కొట్లకు ఎవరొస్తారు? కొన్ని ఊళ్లలో పిల్లలకు బహుమతులిచ్చి మరీ ఆ పుస్తకాలు పోగుచేయించి, నడిబజార్లో మంట పెట్టారు. గుమాస్తా తన పేరిట వచ్చిన కవరు చించాడని మండిపడాల్సిన యజమాని, పొరుగింటివాళ్ల పేరిట వచ్చిన పుస్తకాన్ని కాల్చాడన్నమాట. ఈ ముక్క చదివి ఎంతసేపు నవ్వుకున్నానో.

మా కొట్లో ఉత్తరాలన్నీ చివరికి చేరేది ఒకటే చోటు. గోడకు మేకు, మేకుకు కొక్కెంలా వంచిన ఇనుప తీగ. చదివినవి చదివినట్టు దానికి గుచ్చేవాళ్లు. ఏడాదికో తీగ. నిండితే అటక మీదికి. చిన్నాన్న పోయాక కొట్టు ఖాళీ చేస్తుంటే అటక మీద పదిహేను తీగలు దొరికాయి. తుప్పు మరకలు కాగితాల్లోకి దిగి ఒక్కొక్కదానికీ నడుమ గోధుమరంగు చుక్క. బిల్టీలు, బాకీ కార్డులు, టాక్సు నోటీసులు. ప్రకటనలు లేవు. ఒక్కటి తప్ప.

అది బుక్ పోస్టులో వచ్చిన ఏదో మిల్లువాళ్ల కాగితం. బొమ్మ వైపు గోడకు ఉంది. తెల్లటి వైపు చిన్నాన్న చేతిరాత: నాన్న పేరు, మా ఇద్దరు అన్నదమ్ముల పేర్లు, ఎవరి స్కూలు జీతానికి ఎంత ఇచ్చాడో తారీకులతో సహా. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కాగితం తిప్పి చూశాను. మిల్లు పేరు సగం చెదలు తినేశాయి.