గింజ లేని మల్లె ఇంత దూరం ఎలా వచ్చింది?



మీ పెరట్లో మల్లె దుబ్బు ఉందా? ఉంటే చెప్పండి, దాని గింజ ఎప్పుడైనా చూశారా? చూసుండరు. మనం పెంచే మల్లె దాదాపుగా కాయ కట్టదు. వరికి విత్తనం దాచుకుంటాం, బీరకాయకి గింజ ఎండబెట్టుకుంటాం. మల్లెకి ఆ దారి లేదు. ఎవరో ఒకరు కొమ్మ నాటో, అంటు తొక్కో ఇంకొకరి చేతిలో పెట్టాలి. అందుకే మల్లె చరిత్ర అంటే చేతులు మారిన చరిత్ర.

దీని పుట్టిల్లు మన దేశం, భూటాన్ వైపు, తూర్పు హిమాలయాల దిగువన అంటారు. అక్కడి నుంచి మనుషులు పట్టుకెళ్తే చైనా చేరింది. వాళ్లు దీన్ని ‘మోలి’ అంటారు. అది మన ‘మల్లిక’ నుంచి వెళ్లిన మాటే. ఫూజౌ అనే ఊర్లో రాత్రి విచ్చుకునే మొగ్గల్ని తేయాకులో కలిపి ఉంచుతారు. ఆకు వాసన పట్టాక పూలు తీసేస్తారు. మల్లె టీ అంటే అదే. ఫిలిప్పీన్స్ దేశం 1934లో దీన్ని జాతీయ పుష్పం చేసుకుంది. 1753లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి పేరు పెడుతూ మన పారిజాతం జాతిలో కలిపేశాడు. 1789లో గానీ అది మల్లెజాతి కిందకి రాలేదు.

ఇప్పుడు మన దువ్వాడ సంగతికొద్దాం. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారు శంకుస్థాపన చేశారు. ఆ ఫ్యాక్టరీ కోసం మన చుట్టుపక్కల ఇరవై వేల ఎకరాల పైన భూమి పోయింది, ఎన్నో ఊళ్లు లేచిపోయాయి. ఆర్ కార్డు అంటే ఏటో మన వైపు చిన్నపిల్లాడికీ తెలుసు. ఉక్కు మన గర్వమే, కాదనను. కానీ భూమికి, ఇంటికి, చెట్టుకి వెల కట్టారు గానీ పెరట్లో మల్లె దుబ్బుకి ఎవరు కడతారు?

మా వీధిలో ఒక మామ్మ ఆ దుబ్బుని వదల్లేదు. తవ్వితే బతకదేమోనని ముందే కొమ్మ వంచి అంటు తొక్కింది. వేరు పోశాక కోసి, పాత బొక్కెనలో పెట్టి తెచ్చుకుంది. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఆ ఊరి మల్లె ఉంది. కానీ ఒక్క దుబ్బే ఉంది, పిల్లలేమో అపార్టుమెంటుల్లో ఉన్నారు. ఆ స్థలం అమ్మితే అదీ పోతుంది. కడియం నర్సరీల్లో మంచి మల్లె మొక్కలు దొరుకుతాయి గానీ ఆ ఊరి మల్లె దొరకదు.

అంటు తొక్కడం పెద్ద విద్య కాదు. వానలు పడ్డాక పెన్సిలంత లావు ముదురు కొమ్మ చూసుకోండి. కణుపు దగ్గర కొంచెం చీరి, నేలకి వంచి, మట్టి కప్పి పైన రాయి పెట్టండి. మూడు నాలుగు నెలల్లో వేరు పోస్తుంది. అప్పుడు తల్లి నుంచి కోసి నాటుకోండి. ఎండ బాగా తగలాలి, మొదట్లో నీరు నిలవకూడదు.

పాత దుబ్బుకి నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్లు ఆపేయండి. మన పెద్దోళ్లు మల్లె తోటలోకి గొర్రెల్ని తోలేవారు. అవి ఆకు మేసేస్తే చెట్టుకి విశ్రాంతి దొరికేది. జనవరిలో మోకాలెత్తుకి కత్తిరించి, ఎండు కొమ్మలు తీసేసి, బాగా చివికిన గెత్తం వేసి నీళ్లు కట్టండి. మార్చి నుంచి మొగ్గ మొదలవుతుంది. ఈ కత్తిరింపు మానేస్తే దుబ్బు పెరుగుతుంది గానీ పువ్వు తగ్గిపోతుంది.

ఈ వానాకాలం మీ దుబ్బుకి రెండు అంటులు తొక్కండి. ఒకటి మీకు, ఒకటి ఇంకొకరికి. ఇచ్చేటప్పుడు అది ఏ ఊరి నుంచి, ఎవరి చేతి మీద వచ్చిందో కూడా చెప్పి ఇవ్వండి.