మాస్టారి అరుగు మీద యాభై ఏళ్లు

స్వర్ణోత్సవ సంచికకి సభ చరిత్ర రాసిపెట్టమని కమిటీవారు మా ఇంటికి వచ్చి అడిగారు. 1975లో బందరులో మన సభ మొదలైన రోజున జంపఖానాలు పరిచి, మైకు సెట్టు మోసిన కుర్రాళ్లలో ఇప్పటికి మిగిలినవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరికీ చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఈ భాగ్యం నాకు దక్కింది. మినిట్స్ పుస్తకాలు, రసీదు పుస్తకాలు, పాత కరపత్రాలు ముందేసుకుని నెల రోజులు కూర్చున్నాను. ఎవరు ఎప్పుడు పాడారో, పక్కవాద్యాలు ఎవరో, ఎంత ఇచ్చామో అన్నీ అందులో ఉన్నాయి. కచేరీ అయ్యాక మేం మాట్లాడుకున్న మాటలు మాత్రం ఒక్కటీ లేవు. నన్నడిగితే మన సభని యాభై ఏళ్లు బతికించింది ఆ మాటలే.

ముగ్గురు పెద్దలు కలిసి సభని స్థాపించారు. ఒకరు లెక్కల మాస్టారు. ఒకరు హోమియో డాక్టరుగారు. మూడోవారు పెడనలో కలంకారీ అద్దకం పని చేయించి చీరలు, దుప్పట్లు అమ్మే శెట్టిగారు. మాస్టారిని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, నేనూ మాస్టారనే రాస్తాను. చామనఛాయ, బక్క మనిషి, మోకాళ్ల కిందికి దిగే పంచె, జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు. పాడేవారు కాదు. తన గొంతు పాటకి పనికిరాదని చిన్నప్పుడే ఎవరో పెద్దాయన చెప్పారట, ఆనాటి నుంచి వినడాన్నే విద్యగా పెట్టుకున్నారు. అంత బాగా వినే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కచేరీ అయిన మర్నాడు పొద్దున్నే ఆరున్నరకల్లా ఆయన ఇంటి అరుగు మీదికి చేరడం మా అలవాటు. రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు. ముందు రోజు కల్యాణి ఎంత నెమ్మదిగా ఎత్తుకున్నారో, నెరవు ఏ పాదం దగ్గర చేశారో, తని ఆవర్తనంలో మృదంగం ఎక్కడ తొందరపడిందో, అంతా మళ్లీ మొదటి నుంచి నడిచేది. డాక్టరుగారు గట్టిగా వాదించేవారు. శెట్టిగారు కళ్లు మూసుకుని తల ఊపేవారు. మాస్టారు చివర్లో ఒక్క మాట అనేవారు. లోపలి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, నిలబడి వినేవారు. ఇత్తడి గ్లాసుల్లో కాఫీ ఎప్పుడొచ్చిందో, ఖాళీ గ్లాసులు ఎప్పుడు వెళ్లిపోయాయో మాకు తెలిసేది కాదు.

బందరులో సంగీత సభ ఎందుకని ఎవరైనా అడిగితే మాస్టారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది. పదాలు కట్టిన క్షేత్రయ్యది మన మొవ్వ. కూచిపూడి దాని పక్కనే. దివిసీమలో పెదకళ్లేపల్లి ఉంది, అక్కడే సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు పాఠం చెప్పారు. ఇవన్నీ చెప్పి కుడిచెయ్యి చాపి, బొటనవేలు నుంచి లెక్కపెట్టేవారు. బొటనవేలు త్యాగరాజస్వామి. చూపుడువేలు ఆయన శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. నడిమివేలు సుసర్లవారు. ఉంగరపు వేలు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, మన కృష్ణాజిల్లా శ్రీకాకుళం మనిషి. ఇక చిటికెనవేలు దగ్గరికి వచ్చేసరికి మాస్టారి మొహం విప్పారేది. అది మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. గోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో పుట్టి, బెజవాడలో పంతులుగారి దగ్గర పాట నేర్చి, ఎనిమిదేళ్లకే కచేరీ చేసిన పిల్లవాడు. ఒక్క చేతి వేళ్లతో త్యాగరాజస్వామిని అందుకునే అదృష్టం మనకి ఉందని మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరించేది.

ఇంక 1977 గురించి రాయాలి. నవంబరు 19, శనివారం. గాలి మధ్యాహ్నం నుంచే మొదలైంది. రాత్రి అయ్యేసరికి పెంకులు కాగితాల్లా ఎగిరాయి. తెల్లారి చూస్తే బందరులో నిలబడి ఉన్న కరెంటు స్తంభం ఒక్కటి కనబడలేదు. దివిసీమ సంగతి తెలియడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇళ్లు, మనుషులు, గొడ్లు కలిసి కొట్టుకుపోయాయి. ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేల దగ్గర ఉంది. ఆ సీమలో పుట్టినవాడు ఎవడూ ఆ లెక్క నమ్మడు.

మన సభలో మృదంగం నేర్చుకుంటున్న పిల్లవాడు ఒకడు ఉండేవాడు. నాగాయలంక అవతలి ఊరు. పదిహేడేళ్లు. మాస్టారి ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. పంట కోతలకి రెండు రోజులు సాయం చేసి వస్తానని ముందురోజు శుక్రవారమే ఇంటికి వెళ్లాడు. మృదంగం ఇక్కడే వదిలి వెళ్లాడు, తడిస్తే పాడవుతుందని. అది ఇవాళ్టికీ మాస్టారి ఇంటి పడమటి గదిలో గుడ్డ గలీబులో ఉంది.

రాబోయే జనవరిలో జరగవలసిన త్యాగరాజ ఆరాధనకి చందాలు వసూలు చేసి పెట్టుకున్నాం. మొత్తం 1,860 రూపాయలు. తుపాను అయిన నాలుగో రోజున మాస్టారు ఆ డబ్బంతా తీసి బియ్యం, కిరసనాయిలు, పాత చీరలు, అగ్గిపెట్టెలు కొని, దొరికిన ఎడ్లబండ్లు కట్టించి దివికి బయల్దేరారు. వెంట నేను వెళ్లాను. దారి పొడవునా నీళ్లలో ఏం చూశామో ఇక్కడ రాయను. ఒక చెరువుగట్టు మీద బియ్యం పంచుతూ ఆయన ప్రతివాణ్ణీ ఆ పిల్లవాడి ఊరు పేరు చెప్పి అడిగారు. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

ఆరాధన మాత్రం మానలేదు. పుష్య బహుళ పంచమి రోజున మాస్టారి అరుగు మీదే జరిగింది. కరెంటు లేదు, మైకు లేదు, షామియానా లేదు. రెండు పెట్రోమాక్స్ లైట్లు. బయటి నుంచి విద్వాంసులు ఎవరూ రాలేదు, ఊరివాళ్లమే కూర్చుని పంచరత్నాలు పాడుకున్నాం. మృదంగం వాయించేవాడు కూర్చునే చోట ఎవరినీ కూర్చోనివ్వలేదు. పాడినంతసేపూ అందరం చేత్తోనే తాళం వేశాం.

ఆ తర్వాత వచ్చిన సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివారు. తీర్మానం లేకుండా సభ సొమ్ము ఖర్చు పెట్టడం తప్పని కొందరు సభ్యులు లేచారు. వారు చెడ్డవారు కారు, లెక్క లెక్కలాగే ఉండాలని నమ్మినవారు. మినిట్స్ పుస్తకంలో ‘అనుమతి లేని ఖర్చు’ అని రాశారు. మాస్టారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కార్యదర్శి పదవికి రాజీనామా రాసిచ్చారు. తన జీతంలోంచి నెలకి 60 రూపాయల చొప్పున 31 నెలలు కట్టి ఆ సొమ్ము తీర్చేశారు. ఆ రసీదులన్నీ నేనిప్పుడు చూశాను, ఒక్క నెలా తప్పలేదు.

తర్వాతి పదేళ్లూ ఏటా ఆరాధన, మధ్యలో రెండు మూడు కచేరీలు, వేసవిలో పిల్లలకి సంగీతం పాఠాలు సక్రమంగా జరిగాయి. 2004లో సొంత హాలు కట్టుకున్నాం.

ఆ హాలుకి, సభకి చేయూతనిచ్చినవారిని తలుచుకోవడం నా విధి. పేర్లన్నీ సంచిక చివరి పేజీల్లో అచ్చువేశారు. రైసుమిల్లుల యజమానులు, చిలకలపూడి రోల్డుగోల్డు నగల పనివారు, లడ్డూ, హల్వా దుకాణాలవారు, కిరాణా వర్తకులు, లారీ ఆఫీసులవారు, ప్లీడర్లు, కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇక్కడ పెరిగి అమెరికా వెళ్లి డాలర్లు పంపిన పిల్లలు. ఇంకా మైకు సెట్టు అబ్బాయి, షామియానా సాయిబుగారు, ఇరవై రెండేళ్లు పైసా తీసుకోకుండా కరపత్రాలు వేసిన ప్రెస్సు యజమాని, విద్వాంసులకి ఇళ్లలో వంటచేసి పెట్టిన తల్లులు, రైలు స్టేషను నుంచి తంబురాని ఒళ్లో పిల్లలా పెట్టించుకుని తెచ్చిన రిక్షా తాత. వీరిలో ఎవరిని మరిచినా పాపం.

హాలు ముందు గోడకి పాలరాతి పలక ఉంది. స్థాపకులు అని రాసి దాని కింద రెండు పేర్లే ఉన్నాయి. మూడో పేరు ఎందుకు లేదని అడిగితే, పదవీకాలం మధ్యలో మానేసినవారిని చేర్చే పద్ధతి లేదని అప్పటి కమిటీ అంది. ఈ యాభయ్యో ఏట కూడా అడిగాను. చూద్దామన్నారు. ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను, పెద్దలు మన్నించాలి.

సభకి తీరని కోరిక ఇంకొకటి ఉండిపోయింది. బాలమురళిగారిని బందరుకి తెచ్చి పాడించుకోవాలని మొదటి ఏడాది నుంచీ అనుకున్నాం. మా చందా పుస్తకాలు ఎన్నడూ అంత ఎత్తుకి ఎదగలేదు. 2016 నవంబరు 22న ఆయన మద్రాసులో కన్నుమూశారని రేడియోలో విన్నప్పుడు, ఇంక ఆయన్ని పిలిచే తీర్మానం రాసే పనిలేదని అర్థమై నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తేలేకపోయాం కాబట్టి మేమే వెళ్లాం. ఆయనకి పద్మవిభూషణ్ వచ్చిన కొత్తల్లో, ఒక చలికాలం సాయంత్రం, బెజవాడ తుమ్మలపల్లివారి కళాక్షేత్రంలో కచేరీ. పదకొండుమందిమి బస్సెక్కాం. మాస్టారికి అప్పటికి డెబ్భై దగ్గరపడింది. చివరి వరుసల టిక్కెట్లు. పిన్నిగారిని రమ్మంటే, ఇంట్లో ముసలి అత్తగారు మంచం మీద ఉన్నారు, మీరు వెళ్లి రండి నాయనా అన్నారు.

బాలమురళిగారు తన సొంత షణ్ముఖప్రియ వర్ణంతో మొదలుపెట్టారు. నవ్వు మొహంతో పాడతారని విన్నాం. చూస్తే అది నిజమే. గొంతుకి ఎక్కడా శ్రమలేదు. నగుమోము ఎత్తుకోగానే డాక్టరుగారు నా మోకాలు నొక్కిపట్టారు. చివర్లో మంద్రంలోకి దిగుతూ దిగుతూ ఒక చోట ఆగారు. ఇంక కింద మెట్టు లేదనుకున్నాం. ఇంకొక్క మెట్టు దిగి అక్కడ నిలబడ్డారు. హాల్లో పంకాల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. అప్పుడు మాస్టారి వైపు చూశాను. ఆయన రెండు చేతులూ జోడించి ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. తిల్లానాలో నడక మారుతూ పోతే చేత్తో తాళం వేస్తున్న శెట్టిగారు మూడుసార్లు తప్పి, నాలుగోసారి చెయ్యి తీసేసి ఊరికే వింటూ కూర్చున్నారు.

మంగళం అయ్యాక బస్టాండుకి నడిచాం. బందరుకి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. మళ్లీ నాలుగున్నరకే. ఒక్కరికీ బాధ కలగలేదు. ప్లాట్‌ఫారం మీద కండువాలు పరుచుకుని గుండ్రంగా కూర్చున్నాం. నగుమోము రాగం ఆభేరిలో ధైవతం దగ్గర మొదలైంది గొడవ. ఆయన పాడింది శుద్ధ ధైవతమని డాక్టరుగారు. అందరూ చతుశ్రుతి పాడుతుంటే ఈయన ఒక్కరే ఎందుకు పాడతారని మాలో చిన్నవాడు. పాడి చూపించమంటే వాడు పాడాడు, కుదరలేదు. డాక్టరుగారు పాడారు, అదీ కుదరలేదు. లవంగిలో ఉన్నవి నాలుగు స్వరాలే కదా, నాలుగింటితో రాగమేమిటని ఒకరు, ఆయన పుట్టించిన రాగాల మీద మద్రాసులో నడిచిన వాదాలు తెలుసా అని ఇంకొకరు. రాత్రి రెండింటికి టీ పోసే అతను కెటిల్ పట్టుకుని మా దగ్గరే నిలబడిపోయాడు. కాసేపు విని, ఎవరి పెళ్లికెళ్లి వస్తున్నారు బాబూ అని అడిగాడు. అంత సంతోషంగా ఉన్నాం కాబోలు.

మాస్టారు ఒక్కమాటా మాట్లాడలేదు. చివరికి డాక్టరుగారే, మీరేమంటారండీ అని అడిగారు. ఆయన కుడిచెయ్యి చాపి, నాలుగు వేళ్లు మడిచి, చిటికెనవేలు ఒక్కటే మాకు చూపించారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అంతటితో ధైవతం గొడవ ఆగిపోయింది.

బస్సు ఉయ్యూరు దాటుతుంటే చక్కెర ఫ్యాక్టరీ వాసన, పామర్రు దగ్గర మంచు. బందరులో దిగాక ఎవరూ ఇళ్లకి పోలేదు. నేరుగా అరుగు మీదికే వెళ్లాం. పిన్నిగారు కళ్లాపి చల్లి ముగ్గు వేస్తున్నారు. మమ్మల్ని చూసి ముగ్గుబుట్ట పక్కన పెట్టి, ఏం పాడారు అని అడిగారు. అందరం ఒకేసారి చెప్పాం. శుద్ధ ధైవతం మాట వినగానే ఆవిడ, మా నాన్నగారూ అలాగే పాడేవారు అన్నారు. ఆవిడది పెదకళ్లేపల్లి. ఇన్నేళ్లలో ఆ సంగతి మాలో ఎవరమూ అడగలేదు. మెట్టు మీద నిలబడి, ముగ్గుపిండి అంటిన చేత్తోనే తాళం వేస్తూ, రెండు పాదాలు సన్నగా పాడారు. రాత్రి మాలో ఒక్కరికీ కుదరని ఆ ధైవతం ఆవిడ గొంతులో ఉన్నచోట ఉన్నట్టు వచ్చి కూర్చుంది.

మాస్టారు అరుగు మీది నుంచి లేచి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. పెళ్లయి నలభై ఏళ్లు దాటిన మనిషి, ఆవిడ పాట వినడం అదే మొదటిసారట.

పాడటం అయ్యాక ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, కాఫీ పెడతాను, ఈలోగా మొదటి నుంచి చెప్పండి, వర్ణం దగ్గర నుంచి అన్నారు. మేం మళ్లీ మొదలుపెట్టాం.